పెట్టెలో పట్టని కార్డు

అతను గులాబీ రంగు ప్లాస్టిక్ చిగుళ్ళకు పాలిష్ చక్రం ఆనించి, కట్టుడుపళ్ళ పైవరసను మెల్లగా తిప్పాడు. తడిసిన పాలిష్ పొడి చుక్కలు కళ్ళద్దాల మీద చిందాయి. తుడుచుకోలేదు. ఎవరి నోరో తెలియదు. ముందుపళ్ళ మధ్య చిన్న సందు ఉంచమని మాత్రం డాక్టరు చెప్పి పంపాడు. అసలు పళ్ళకి అలా ఉండేదట. ఆ సందు చెడకుండా చుట్టూ నునుపు చేసి, వెలుతురుకి ఎత్తి చూసుకుని, నీళ్ళగిన్నెలో వదిలాడు.

వీధిలో అందరూ అతన్ని పళ్ళాయన అంటారు. ఊళ్ళో ఎంతమందో అతను చేసిన పళ్ళతో నములుతున్నారు. వాళ్ళలో ఒక్కరికీ అతని మొహం తెలియదు. అతని కుడిదవడలోనే రెండు పళ్ళు ఊడిపోయి చాలాకాలమైంది. తీరిక లేక కాదు, పట్టించుకుని అడిగేవాళ్ళు లేక అలా వదిలేశాడు.

భోజనాల వేళ పళ్ళ ల్యాబులో తక్కినవాళ్ళు బయటికి వెళ్ళాక, బల్లకింది సంచిలోంచి లోపలి భాగాలన్నీ ఊడదీసిన కంప్యూటరు పెట్టె తీశాడు.

'ధూమకోట' కంప్యూటరు ఆట మూడో భాగం వచ్చే నెలలో విడుదలవుతోంది. మొదటి రెండు భాగాలూ బావతో కలిసి ఆడాడు. ఒకే తెర, రెండు జాయ్‌స్టిక్కులు. బావ విలుకాడు, తను కత్తివీరుడు. అక్క బతికున్న రోజుల్లో వెనక నిలబడి నవ్వేది: "మా ఆయనా మా తమ్ముడూ కలిసి రాక్షసుల్ని చంపుతారు. ఇంట్లో ఎలక కనిపిస్తే మాత్రం నన్ను కేకేస్తారు." అక్క పోయాక కూడా బావ ఆదివారాలు అతని గదికి వస్తూనే ఉన్నాడు. ఈమధ్యే ఆ రావడం పలచబడింది.

కొత్త భాగానికి ఎలాంటి మిషను కావాలో కంపెనీవాళ్ళు ప్రకటించిన రోజున అతను గతుక్కుమన్నాడు. ఉన్న మెమరీకి రెట్టింపు కావాలట. పాత గ్రాఫిక్స్ కార్డు బొత్తిగా పనికిరాదట. కోట చుట్టూ కమ్ముకునే ఆ పొగ, గుర్రాల ఒంటి మీద ఆ తడి మెరుపు ఊరికే వస్తాయా మరి! ఓవర్‌టైము చేసి అన్నీ కొన్నాడు. తీరా ఇంటికి తెచ్చి బిగించబోతే కార్డు పొడుగైంది. హార్డ్ డిస్కులు పెట్టే ఇనప చట్రం అడ్డొచ్చింది.

"పెట్టె కూడా మార్చెయ్యండి సార్. చిన్నప్పటి చొక్కా ఇప్పుడు పడుతుందా మీకు?" అన్నాడు షాపతను.

అది అక్క కొనిపెట్టిన పెట్టె. మార్చబుద్ధి కాలేదు.

అందుకే ఇప్పుడు పళ్ళు కోసే సన్నటి బిళ్ళను మోటారుకి తగిలించి చట్రం మీద ఆనించాడు. నిప్పురవ్వలు లేచాయి. ఓనరు తలుపు తోసుకుని వచ్చాడు.

"ఏంటయ్యా, ఏనుక్కి పళ్ళు కడుతున్నావా?"

"ఇంటి పనండీ. ఆట ఆడుకోడానికి."

"ఆటా! బాగుంది నీ సరదా" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు ఓనరు.

సాయంత్రం గదిలో నేలమీద బాసింపట్టు వేసుకుని అన్నీ బిగించాడు. కార్డు వెంట్రుకవాసి సందులో ఇమిడింది. మీట నొక్కగానే ఫ్యాన్లు తిరిగాయి. బావకి ఫోను చేశాడు. "ఒక్కసారి వచ్చి చూసి వెళ్ళు బావా."

బావ చంకలో చిన్న మెత్త పెట్టుకుని వచ్చాడు. నడుంనొప్పి పట్టుకున్నాక అది లేకుండా ఎక్కడా కూర్చోలేకపోతున్నాడు. మెత్త కుర్చీలో వేసుకుని తెరకేసి చూశాడు. ఆట తాలూకు చిన్న సినిమా ఎక్కడా ఆగకుండా ఆడింది.

"చూశావా, గుర్రం జూలు ఒక్కో వెంట్రుకా విడిగా ఊగుతోంది!"

"అబ్బో" అన్నాడు బావ. "సౌండు తగ్గించరా. ఓ మాట చెప్పాలి" అన్నాడు.

తగ్గించాడు.

"మా ఆఫీసులో ఒకావిడ ఉండేది. రిటైరైంది. ఆవిడకీ ఎవరూ లేరు. వాళ్ళ ఊళ్ళో ఇల్లుంది, కలిసుందాం రమ్మంది. సోమవారం పెళ్ళి సంతకాలు పెట్టేసి, అట్నుంచి అటే వెళ్ళిపోతున్నాం." బావ చేతులు మోకాళ్ళ మీద రుద్దుకున్నాడు. "మీ అక్కని మర్చిపోయి కాదురా."

"ఛ, అదేం మాట! మంచిపని చేస్తున్నావు. నువ్వు వేళకి తింటున్నావో లేదో అని నాకే బెంగగా ఉండేది." జాయ్‌స్టిక్కు చేతిలోకి తీసుకున్నాడు. "అక్కడ నెట్టుంటే చాలు బావా, కలిసి ఆడుకోవచ్చు. మిషను మాత్రం కాస్త మంచిది కావాలి. ఏది కొనాలో నేను చెప్తాగా."

బావ తల అడ్డంగా ఊపాడు. "నాకా గుండీలు ఎప్పుడు అర్థమయ్యాయి గనక! నువ్వు ఎటు పొమ్మంటే అటు పోయేవాణ్ణి. ఒక్కడివే ఉంటావని మీ అక్క నన్ను నీ దగ్గరికి తరిమేది. తర్వాత అదే అలవాటైంది."

పళ్ళాయన ఇన్నేళ్ళూ తనే బావకి తోడుగా ఉన్నాననుకున్నాడు.

"కానీ ఒకటిరా" అన్నాడు బావ లేస్తూ. "బురదలో పడి నేను చచ్చినప్పుడల్లా వెనక్కొచ్చి లేపేవాడివి చూడూ, అది మాత్రం బాగుండేది."

మెట్లదాకా వెళ్ళి సాగనంపాడు. మలుపులో బావ ఒకసారి చెయ్యెత్తాడు. గదిలోకి తిరిగొచ్చేసరికి తెర మీద సినిమా మళ్ళీ మొదలై, పొగలోంచి చప్పుడు లేకుండా గుర్రాలు వస్తున్నాయి.

బావ తెచ్చుకున్న మెత్త కుర్చీలోనే ఉండిపోయింది. మధ్యలో పడిన గుంట ఇంకా పైకి లేవలేదు.