వంటిల్లు ఉత్తరానికి నడుస్తోంది

మా ఆవిడ సూరిబాబు పేరు పలికినప్పుడల్లా మా వంటిల్లు ఉత్తరానికి ఒక అడుగు జరుగుతోంది.

సూరిబాబు నా తోడల్లుడు, అంటే మా ఆవిడ మాణిక్యం చెల్లెలి మొగుడు. నాకంటే ఏడేళ్లు చిన్న. ఉండేది రాజమండ్రిలోనే గాని, ఈ వారం లడఖ్ కొండల్లో ఒంటరిగా తిరుగుతున్నాడు. అక్కడ టవర్లు ఉండవు. నడుముకి సబ్బుపెట్టెంత యంత్రం కట్టుకున్నాడు. వాడెక్కడున్నాడో అది శాటిలైట్‌కి చెబుతుంది, శాటిలైట్ మా చుట్టాల గ్రూపుకి చెబుతుంది. గంటకోసారి మ్యాపు మీద నీలిచుక్క పడుతుంది. చుక్కకి నలభై ఒక్క లైకులు.

నేను పొద్దున్నే ఆరింటికి తామరపువ్వు బొమ్మతో శుభోదయం పెడతాను. పదకొండేళ్లలో ఒక్కరోజు మానలేదు. దానికి ఒక లైకు వస్తుంది. అది నేను నొక్కిందే.

"సూరిబాబు కనుమ దాటేశాడండీ!" అంటుంది మాణిక్యం. ఒక అడుగు. "సూరిబాబు మంచు కరిగించి టీ కాచుకుంటున్నాడంట." ఇంకో అడుగు. సోమవారం అడుగంటే అడుగే. మంగళవారం నుంచి అడుగంటే మైలు.

హాలు మాత్రం సామర్లకోటలోనే ఉంది. హాలుకీ వంటింటికీ మధ్య నడవ సాగుతోంది. బుధవారం కాఫీకి వెళ్లి రావడానికి ఒక పూట పడుతుంది. గోడకున్న క్యాలెండరు దాటాక చలి మొదలవుతుంది. మఫ్లరు చుట్టుకుని వెళ్తాను.

"మాణిక్యం, ఒక్కసారి నా పేరు పలుకు. వంటిల్లు వెనక్కి వస్తుంది."

ఆమె చెంపలు వేసుకుంటుంది. "మొగుడి పేరు నోటితో అంటే ఆయుష్షు తగ్గిపోద్దండీ. ఇరవయ్యారేళ్లు కాపాడుకొచ్చాను."

"మరి సూరిబాబు పేరు రోజుకి వందసార్లు అంటున్నావు."

"ఆయన ఆయుష్షు మా చెల్లి చూసుకుంటాది లెండి."

కాఫీ తీసుకుని బయలుదేరతాను. హాలుకి చేరేసరికి గ్లాసులో కాఫీ గడ్డకట్టి ఉంటుంది. చెంచాతో కొట్టి తింటాను.

శుక్రవారం నేను కూడా నా లొకేషన్ గ్రూపులో పెడతాను. మ్యాపులో మా వీధి వస్తుంది, కిరాణా కొట్టు వస్తుంది, నా కుర్చీ కూడా వస్తుంది. కుర్చీలో ఎవరూ ఉండరు. మా పెద్దమ్మ కొడుకు బుచ్చిరాజు కింద రాస్తాడు: "కుర్చీ బాగుంది రా. ఎక్కడ కొన్నావు?"

శనివారం టిఫిను వేళకి శాటిలైట్ దిగి వచ్చి మా సన్‌షేడ్ మీద వాలుతుంది. ఇడ్లీపాత్రంత ఉంటుంది. అటొకటి ఇటొకటి రెండు పలకల్లాంటి రెక్కలు. రెక్కలు ముడిచి, ఫిర్యాదు ఎవరిదని అడుగుతుంది.

"నాదే. సూరిబాబుని చూపిస్తున్నావు, నన్నెందుకు చూపించవు?"

"దూరంగా ఉన్నవాళ్లనే చూపిస్తామండి. మీరు ఇంట్లోనే ఉన్నారు కదండి."

"మా ఆవిడకి నేను పద్దెనిమిదొందల కిలోమీటర్ల దూరంలో ఉన్నాను. కొలుచుకో."

శాటిలైట్ టేపు తీసి నడవలోకి వదులుతుంది. టేపు చాలాసేపు వెళ్తుంది. తిరిగి వచ్చినప్పుడు దాని కొసకి మంచు అంటుకుని ఉంటుంది.

"నిజమేనండి. మీకు అర్హత ఉంది. అయితే ఎవరో ఒకరు మీ పేరు పెట్టి పిలవాలండి. మేం విని వెతుకుతాం."

"నేనే పిలుచుకుంటాను."

"తప్పిపోయినవాళ్ల పిలుపు పనికిరాదండి. రేపు మధ్యాహ్నానికి వంటిల్లు సూరిబాబుగారి డేరా దగ్గర ఆగిపోద్ది. ఆగిన చోటే ఉండిపోద్దండి, మనుషులతో సహా."

దాన్ని చంకలో పెట్టుకుని బయలుదేరతాను. దానికి అడ్డదారులు తెలుసు. ఆదివారం పదకొండింటికి వంటిల్లు కనిపిస్తుంది. చుట్టూ మంచు. కిటికీలోంచి పోపు వాసన.

లోపల సూరిబాబు నా పీట మీద కూర్చుని ఉప్మా తింటున్నాడు. తింటున్నది నా కంచంలో. పెళ్లికి మా మేనత్త చదివించిన స్టీలు కంచం అది, అంచు మీద చుక్కలు చుక్కలుగా నా పేరు చెక్కి ఉంటుంది. వాడి బొటనవేలు సరిగ్గా నా పేరు మీద ఉంది. నా కడుపులోంచి పొగ వస్తుంది. మాణిక్యం దగ్గుతూ తలుపు తీసి పెడుతుంది.

"రండి అన్నయ్యగారూ! అంత దూరం నడిచొచ్చారా? మోకాళ్లు జాగ్రత్తండి బాబూ," అంటాడు సూరిబాబు.

సంగతి చెబుతాను. మాణిక్యం సూరిబాబు చేతిలోంచి కంచం లాక్కుంటుంది. ఉప్మా గిన్నెలోకి దులుపుతుంది. కొంగుతో అంచు తుడిచి, చెక్కిన పేరు శాటిలైట్ ముందు పెడుతుంది. రేషన్ కార్డు వాళ్లు మొగుడి పేరు అడిగినప్పుడు కూడా ఇలాగే చేసింది.

"నాకు చదువు రాదండి," అంటుంది శాటిలైట్. "వినడమే వచ్చు."

"అంతేనా, దానికేముంది!" సూరిబాబు మూతి తుడుచుకుంటాడు. "అన్నయ్యగారి పేరు నేను చెప్పేస్తాను."

"వద్దు," అంటాను. "నా పేరు నీ నోట్లో పెట్టకు. ఇప్పటికే నా ఉప్మా ఉంది అక్కడ."

సూరిబాబు నొచ్చుకుని కిటికీలోంచి కొండలు చూస్తాడు. గోడ గడియారంలో పన్నెండుకి మూడు నిమిషాలు. గోడలు నేలలోకి వేళ్లు దింపుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"పలుకు మాణిక్యం. తగ్గితే తగ్గనీ."

"మీకేం, అనేస్తారు. తగ్గింతర్వాత నేనెవరితో దెబ్బలాడాలి?"

"ఇక్కడుండిపోతే మాత్రం ఎవరితో దెబ్బలాడతావు?"

ఆమె సూరిబాబుని ఒకసారి చూస్తుంది. వాడు మంచుకొండలతో సెల్ఫీ తీసుకుంటున్నాడు. పొయ్యి ఆపేస్తుంది. చేతులు కడుక్కుంటుంది. కళ్లు మూసుకుని నోరు తెరుస్తుంది.

పేరు బయటికి రాదు. నాలుక కింద ఒక నీలిచుక్క వెలుగుతూ ఆరుతూ ఉంటుంది.

"దొరికారండి," అంటుంది శాటిలైట్, రెక్కలు విప్పుతూ.

నేను కాళ్ల కిందికి చూసుకుంటాను. నేల ఎర్రగా, మెత్తగా, వెచ్చగా ఉంది. చెప్పులు విడుస్తాను. చుట్టూ వంపుగా తెల్లటి కొండలు. గాలిలో లవంగం వాసన. ఎడమవైపు ఒక కొండ లేదు. పోయినేడాది మాణిక్యం నొప్పి అంటే దాన్ని కాకినాడలో నేనే దగ్గరుండి పీకించాను.

ఫోను మోగుతుంది. నా చుక్కకి ఒక లైకు. నేను నొక్కింది కాదు. కింద సూరిబాబు మెసేజు: "అన్నయ్యగారూ, అవేం కొండలండీ? నేను ఎక్కలేదే!"

చూసి వదిలేస్తాను. చెప్పను. ఎప్పటికీ చెప్పను.

పై కొండలు నెమ్మదిగా దిగుతాయి. ఉప్మా వస్తోంది, ఆవిరి ముందుగా తగులుతుంది. నేను ఎడమవైపు ఖాళీలోకి వెళ్లి, మోకాళ్లు ముడుచుకుని కూర్చుంటాను. చోటు నా కొలతకి సరిగ్గా సరిపోతుంది. మాణిక్యం నాతో నమలడం మొదలుపెడుతుంది.