సవరం

నెకేసా కుడికాలి గోళ్లు తీసి ఎడమకాలికి వచ్చేసరికి నాఫునా నడుము పట్టేసింది. యూదులున్న ఆ కొండమీద ఏ ఆడమనిషి శుద్ధికోసం ఏట్లో మునక వేయాలన్నా ముందు నాఫునా ఎదుట కూర్చోవలసిందే. గోళ్లు తీయాలి, మడమ పగుళ్లలో చేరిన ఎర్రమట్టి రాతితో రుద్దాలి, పోగులూ గాజులూ తీయించాలి. ఒంటికీ నీటికీ మధ్య దారప్పోగు అడ్డున్నా ఆ మునక చెల్లదు. మిగతా రోజుల్లో ఆమె సంత పక్కన పనసచెట్టు కింద పీట వేసుకుని వచ్చినవాళ్లకు జడలు అల్లుతుంది. జీవితమంతా ఆమె చేసిన పని అదే.

"ఆ కాలు కూడా ఇలా ఇయ్యి. పొట్ట ముందుకొచ్చిందని పాదాలు దాక్కుంటున్నాయా ఏమిటి" అంది.

నెకేసా నవ్వబోయి ఆగిపోయింది. ఆమెకు నెలలు నిండాయి. కొండ కింద చర్చి వీధిలో పుట్టిన పిల్ల, తల్లి చిన్నప్పుడే పోయింది. నాఫునా కొడుకు అషేరును చేసుకుంటానని రెండేళ్లు కొండెక్కి ప్రార్థనలు నేర్చుకుంది. ఈ ఆదివారం పొద్దున మునక వేసి యూదురాలు కావాలి, మధ్యాహ్నం అషేరు పక్కన పెళ్లిపందిరి కింద నిలబడాలి. మునకకు సాక్షులుగా ముగ్గురు మతపెద్దలు పక్క జిల్లా నుంచి వ్యానులో వచ్చారు. వాళ్లు మళ్లీ ఎప్పుడొస్తారో ఎవరికీ తెలియదు.

బిడ్డ ఇంకో వారానికి గానీ రాదని నర్సు చెప్పింది. తల్లి మునిగిందంటే కడుపులో ఉన్న బిడ్డా మునిగినట్టే, యూదుగానే పుడుతుంది. బిడ్డే ముందు బయటపడితే దానికి వేరే పెద్దలు, వేరే ప్రశ్నలు, వేరే మునక. నాఫునాకు పట్టుకున్న దిగులల్లా అదే. తన మనవడో మనవరాలో రేపు ఎవరి ఎదుటా నిలబడి నేను ఫలానా అని చెప్పుకోవలసిన ఖర్మ పట్టకూడదు.

గోళ్ల పని అయిందనిపించి, తల చూద్దామని నెకేసా తలమీది గుడ్డ లాగింది నాఫునా. తలంతా సన్నసన్నని జడలు, ఒక్కో జడలోనూ నల్లటి సవరం కలిపి, వీపు దాకా అల్లి ఉంది.

"ఎవరే ఈ పని చేసింది?"

గుమ్మంలో అరటికాయలు వలుస్తున్న పక్కింటి నమోనో తల ఎత్తింది. "నేనూ మా పిల్లలూను. రాత్రి పాటలు పాడుకుంటూ అల్లాం. పెళ్లికూతురు బోసి తలతో కూర్చుంటుందా మరి? నీ చేతిపనికి ఏం తీసిపోయింది, చెప్పు."

"నా చేతిపనికి తీసిపోలేదు, నీ బుర్రే తీసిపోయింది. పెళ్లికి ముందు మునక ఉందని తెలీదూ? సవరంతో ఏట్లో దిగితే ఏట్లో దిగింది సవరమే."

కొండమీద పెళ్లంటే జడలు, మునకంటే విప్పిన జుట్టు. రెండూ ఒకేరోజు పడడం ఎన్నడూ లేదు గనక ఎవరికీ తోచలేదు. "అయ్యో నా తల్లీ" అని నమోనో కత్తి పారేసి లేచింది.

అప్పుడు మొదలైంది హడావుడి. నాఫునా నెకేసాను తన పీట ముందు కూలేసుకుంది. నమోనో ఒకవైపు, ఆమె కూతుళ్లు ఒకవైపు, దారినపోయే ఇద్దరు అమ్మలక్కలు ఇంకోవైపు, అందరి చేతులూ ఆ ఒక్క తలమీదే. "కత్తిరించి పారేద్దామా" అని ఒకర్తి అంటే, "పెళ్లికూతుర్ని గొరిగి పంపుతావా" అని ఇంకొకర్తి కసిరింది. విప్పిన సవరం కుప్పలు కుప్పలుగా పడుతుంటే కోళ్లు వచ్చి కెలకడం మొదలుపెట్టాయి. నాఫునా తన చెక్కదువ్వెన మొనతో ముడులు ఒక్కొక్కటీ లేపుతూ అందరినీ తిడుతూ ఉంది. తిడుతున్నకొద్దీ ఆమె చేతులు చురుగ్గా ఆడాయి. చాలా రోజుల తర్వాత ఆమెకు ప్రాణం లేచొచ్చినట్టుంది.

అలా విప్పుతుండగా ఆమె వేళ్లకు ఏదో తెలిసింది. నెకేసా మెడ నరం బిగిసింది. కాసేపటికి వదులైంది. నాలుగు జడలు విప్పేలోగా మళ్లీ బిగిసింది.

నాఫునా ఆమె చెవి దగ్గరకు వంగింది. "ఎప్పటినుంచే?"

"ఏది అత్తా?"

"నా దగ్గర నంగనాచి వేషాలు వేయకు. నొప్పులు."

నెకేసా కళ్లు దించుకుంది. "తొలికోడి కూసినప్పటినుంచి. చెబితే మునక వద్దంటారని, ఆసుపత్రికి తీసుకుపోతారని..."

నాఫునాకు కోపమూ వచ్చింది, ముద్దూ వచ్చింది. "నాకు తగ్గ కోడలివే నువ్వు" అని, "ఒసే, బిడ్డ బయల్దేరింది, చేతులు కదపండే" అంది. ఆ మాటతో అమ్మలక్కలందరికీ ఒక్కసారిగా పది చేతులు మొలిచాయి.

జడల ముందు కూర్చుని గాభరాపడడం నాఫునాకు కొత్త కాదు. ఆమె పడుచుగా ఉన్నప్పుడు, సైన్యపు జనరల్ ఒకడు దేశాన్ని ఏలుతుండగా, యూదుల ప్రార్థన నిషేధం. శనివారం పొద్దున ఇంట్లో కిటికీలు మూసి, ముసలివాళ్లు గొంతు బయటికి వినబడకుండా ప్రార్థన చేసుకునేవారు. నాఫునా గుమ్మంలో పీట వేసుకుని చెల్లెలి జుట్టు విప్పి అల్లి, మళ్లీ విప్పి అల్లుతూ ఉండేది. శనివారం యూదుల విశ్రాంతిదినం, ఆనాడు జడ అల్లకూడదు. యూదుల ఇంట్లో ఆ రోజు ఎవరూ అల్లరు గనక, దారినపోయే సిపాయిలు ఆ గుమ్మం చూసి ఇది వేరేవాళ్ల ఇల్లనుకునేవారు. లోపల పదిమంది విశ్రాంతిదినం నిలవడానికి బయట ఆమె ప్రతివారం దాన్ని తప్పింది.

ఆ రోజులు పోయాయి. చాలా ఏళ్లకు పైదేశం నుంచి మొదటిసారి పెద్దలొచ్చి, మీ తాతలు ధర్మపుస్తకం చదివి తమంతట తాము యూదులయ్యారు, అది చాలదు, అందరూ మునక వేస్తే లోకమంతా ఒప్పుకుంటుంది అన్నారు. కొండంతా దిగి మునిగింది. ఇప్పుడు లేని భర్త ఆ రోజు మునిగాడు, చంటి అషేరును ముంచారు. నాఫునాను, యూదురాలివి కావడానికి నీకు ఇష్టమేనా అని అడిగారు. "ఆ గుమ్మంలో కూర్చున్నప్పుడు నేనెవరిని?" అని ఆమె గట్టెక్కి ఇంటికి వెళ్లిపోయింది. అప్పటినుంచి ఊళ్లో ఆడవాళ్లందరినీ నీటికి సిద్ధం చేసింది గానీ తాను ఒక్కనాడూ దిగలేదు.

చివరి జడ విప్పి దువ్వుతూనే నెకేసాను లేపి నడిపించారు. ఏటికి దారి నిటారు వాలు, కాఫీతోటల మధ్యనుంచి. నొప్పి వచ్చినప్పుడల్లా నెకేసా ఆగేది, ఆమె ఆగినప్పుడల్లా నాఫునా కూడా ఆగి గుండెమీద చేయి వేసుకునేది.

"నీకేమైంది, నీకూ నొప్పులేనా?" అంది నమోనో.

"నోరు మూసుకుని చెయ్యి పట్టుకో" అంది నాఫునా, ఆయాసం మింగుతూ.

రెల్లు అవతల ముగ్గురు పెద్దలు ఏటికి వీపు పెట్టి నిలబడ్డారు. ఆడవాళ్లు ఈవలి గట్టున నెకేసా బట్టలు తీయించారు. నడుముకు మొలపూసలు మిగిలాయి. నెకేసా వాటిమీద చేయి వేసుకుంది.

"ఇవి మా అమ్మ కట్టినవి అత్తా. ఆవిడవి ఇంకేవీ లేవు నాకు."

నాఫునా తన రవికె అంచు ఎత్తి చూపింది. ముడతలుపడ్డ నడుముమీద వెలిసిపోయిన పూసలదండ. "నాకూ మా అమ్మ కట్టిందే. నీవి నా చేతికియ్యి. మునిగి రాగానే నేనే కడతాను, మీ అమ్మ ముడే వేసి." నెకేసా ఇచ్చింది. దువ్వెన రాతిమీద పెట్టి, పూసలు మణికట్టుకు చుట్టుకుంది నాఫునా.

నీళ్లు చల్లగా ఉన్నాయి. పెద్దల్లో పెద్దవాడు ఎల్కానా అటు తిరిగే గొంతెత్తి అడగవలసినవి అడిగాడు. నెకేసా పళ్లు బిగబట్టి జవాబులు చెప్పింది. మునిగింది, పొట్ట పైకి తేలింది. చెల్లలేదు. మళ్లీ మునిగింది, జుట్టు నీటిమీద పరుచుకుంది. చెల్లలేదు. మూడోసారి మునగబోతుంటే నొప్పి వచ్చి గుండెలోతు నీళ్లలో నిలబడి వణికిపోయింది.

"నా వల్ల కాదత్తా. నన్ను గట్టెక్కించు."

నాఫునా ఎవరినీ అడగలేదు. కట్టుకున్న బట్టలతోనే ఏట్లోకి నడిచి కోడలి ఎదుట నిలబడింది. "నన్ను చూడు. నేను మునుగుతాను, నువ్వూ మునుగు. కిందకెళ్లి మోకాళ్లు దగ్గరకు లాక్కో. నేను లేచేదాకా లేవకు. సరేనా?"

ఇద్దరూ ఒకేసారి మునిగారు. నీటిపైన ఏమీ మిగల్లేదు, ఒక్క వెంట్రుక కూడా. గట్టుమీద నమోనో "చెల్లింది" అని కేకపెట్టింది. ఆడవాళ్లు సంబరంగా నాలుకలు ఆడిస్తూ కూతలు వేశారు. ఇద్దరూ దగ్గుతూ, నవ్వుతూ పైకి లేచారు.

నెకేసాకు బట్టలు కట్టబెట్టాక ఎల్కానా ఇటు తిరిగాడు. తడిసి ముద్దయిన నాఫునాను చూసి గడ్డం నిమురుకున్నాడు. "అక్కా, నువ్వూ మునిగావట కదా. ఇన్నేళ్లకు ఆ పని చేశావన్నమాట."

"నా జడలు జడల్లాగే ఉన్నాయి చూడు తమ్ముడూ. పూసలు నడుముకే ఉన్నాయి. చూసుకునే దిగాను. నాది లెక్కలోకి రాదు" అంది నాఫునా. ఆయన నవ్వి, తన శాలువా తీసి ఆమెకు కప్పాడు.

పెళ్లి అంత వేగంగా ఆ కొండమీద ఎప్పుడూ జరగలేదు. నాలుగు కర్రలకు కట్టిన దుప్పటి కింద అషేరు నిలబడ్డాడు, నెకేసా ఒక కర్రను పట్టుకుని వేలాడింది. ఎల్కానా ఏడు దీవెనలు రాగం తీసి మొదలుపెడితే నాఫునా ఆపింది. "దేవుడికి చెవులు బాగానే వినిపిస్తాయి. రాగం తర్వాత తీరిగ్గా తీద్దువుగాని." ఆయన ఊపిరి తిప్పుకోకుండా ఏడూ చదివేశాడు. అషేరు ఆనవాయితీ ప్రకారం గాజుగ్లాసు కాలితో తొక్కి పగలగొట్టాడు. జనం కేకలు వేస్తుండగానే ఆడవాళ్లు పెళ్లికూతుర్ని ఎత్తుకుని నాఫునా ఇంట్లోకి పరుగెత్తారు.

వాన రాకముందే ఆడపిల్ల పుట్టింది. నాఫునా గుమ్మంలోకి వచ్చి, "యూదుల పిల్ల. పుట్టుకతోనే" అంది. డప్పులు మోగాయి. పెద్దలు కూడా చొక్కాలు తడిసేలా గంతులేశారు.

సాయంత్రానికి జనం పందిట్లో అరటికాయ ముద్ద, వేరుశనగ పులుసు తింటున్నారు. నాఫునా కోడలి నడుముకు పూసలు కట్టి, పిల్లను ఒళ్లో వేసుకుని గుమ్మంలో గోడకు ఆనుకుంది.

"నా దువ్వెన ఏటి దగ్గరే మరిచిపోయానే" అంది నమోనోతో. "పొద్దున తెచ్చుకోవాలి."

"తెచ్చుకుందువులే. ఎవరెత్తుకుపోతారు దాన్ని" అంది నమోనో.

అషేరు కంచం తెచ్చేసరికి తల్లి కళ్లు మూసుకుని ఉంది. అలసి కునుకు పట్టిందనుకుని చప్పుడు కాకుండా కంచం పక్కన పెట్టాడు. పిల్ల ఏడ్చింది. నాఫునా కదల్లేదు.

మర్నాడు ఆడవాళ్లు ఆమెను కడిగారు. పోయినవాళ్లను కడగడానికీ మునక నియమమే. గోళ్లు తీయాలి, ఒంటిమీద దారప్పోగు ఉండకూడదు, జుట్టు విప్పాలి. నమోనో ఆమె తల ఒళ్లో పెట్టుకుని ఒక్కో జడా విప్పుతూ ఏడ్చింది. "నిన్న నన్నెన్ని తిట్లు తిట్టావే. ఇప్పుడు తిట్టు" అంది. లోపల మంచం మీదనుంచి నెకేసా, "ఆ ముడి కోయకండి, విప్పండి. ఆ పూసలు పిల్లకు కట్టాలి" అని అరిచింది. ఏళ్లనాటి ముడి గట్టిగా ఉంది, విప్పడానికి చాలాసేపు పట్టింది. తర్వాత ఆపకుండా, ధారగా నీళ్లు పోశారు. ఈసారి ఆమె గట్టెక్కి వెళ్లిపోలేదు.

యూదుల శ్మశానంలో ఆమె భర్త పక్కనే గుంట తవ్వమని ఎల్కానా చెప్పాడు. ఆమె మునక చెల్లిందా అని ఎవరూ అడగలేదు.

నాఫునా తల దువ్వబోతే, దువ్వెన ఏటి దగ్గరే ఉండిపోయిందని నమోనోకు గుర్తొచ్చింది. అషేరు ఏటికి పరుగెత్తాడు. రాత్రి వానకు ఏరు పొంగి తగ్గింది గానీ రాతి దాకా రాలేదు. చెక్కదువ్వెన నాఫునా పెట్టినచోటే ఉంది, దాని పళ్ల మధ్య నెకేసా సవరం పోగు ఒకటి చిక్కుకుని ఉంది.