ఒక్క ట్యాంకుతో మేవిస్ ఇంటికి

నేను మా తమ్ముడు వర్జిల్ చొక్కాలు సంచిలో సర్దుతుంటే, వాడు వాకిట్లో పికప్ ట్రక్కుకు మెరుగులు దిద్దుతున్నాడు. మధ్యలో పెట్రోలు పోయించకుండా నెబ్రాస్కా రాష్ట్రమంతా దాటి తన ఇంటికొస్తే పెళ్ళి మాట వింటానని, వాడు మనసుపడ్డ మేవిస్ ఫోన్‌లో అందట. అదే జరిగితే ఈ ఇంట్లో నేనొక్కదాన్నే మిగులుతాను.

గాలి అడ్డుపడకుండా ట్రక్కు వెనక తొట్టికి ఏటవాలుగా ప్లైవుడ్ మూత వేశాడు. షెరీఫ్ ఎన్నికల్లో ఓడిపోయిన అభ్యర్థి ప్లాస్టిక్ ప్రచార బోర్డులు తెచ్చి ఇంజను ముందుండే జాలీకి బిగించాడు.

"ఒరేయ్, పేరు బయటికి కనబడుతోంది. దారిపొడుగునా ఓట్లడుగుతావా?"

"రెండు వైపులా పేరే ఉందక్కా. నేనేం చెయ్యను?"

"ఇంజను వేడెక్కితే?"

"సగమే మూశాలే. నువ్వు నా మందుల డబ్బా మళ్ళీ తెరిచి చూడకు."

అన్నీ పెట్టుకున్నాడో లేదోనని చూశాను. వాడు టైర్లలో గాలి గట్టిగా కొట్టించుకుని వెళ్ళాడు.

సాయంత్రం ఫోన్ చేశాడు. "వచ్చేశానక్కా. పెట్రోలు ముల్లు సున్నా మీద ఉంది. కాఫీకి ఆగితే ఎవరో వచ్చి, ఈసారైనా గెలుస్తావా అని అడిగారు."

పక్కన మేవిస్ నవ్వు వినబడింది.

"ఆదివారానికి వస్తావా?" అన్నాను.

"ట్రక్కులో పెట్రోలు లేదుగా."

పోయినేడు జూన్‌లో వెళ్ళిన మా వర్జిల్ ఇంక మేవిస్ ఇంటి నుంచి తిరిగి రాలేదు.