గొడుగు, బెల్లం, మేక

మా మామగారు నరసింహమూర్తిగారి మీద నాకు పెద్ద కంప్లయింట్లేం లేవు. మనిషి మంచివారు. కాఫీకి వంక పెట్టరు, టీవీ రిమోట్ అడిగితే ఇచ్చేస్తారు. కాకపోతే ఎలమంచిలిలో హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. ఆ సంగతి ఆయనకింకా ఎవరూ చెప్పలేదు.

పోయిన చలికాలంలో మావారు దేవీప్రసాద్‌కి మెదడులో రక్తనాళం ఒకటి ఉబ్బి చిట్లింది. ఆపరేషన్ చేసి మనిషిని మాకు తిరిగిచ్చారు. మాటా నడకా బాగానే ఉన్నాయి. కానీ కొత్తిమీర తెమ్మంటే సంచి పట్టుకుని వెళ్లి, సంచి పట్టుకునే వచ్చేస్తారు. ఆయన ఉద్యోగం పోర్టులో క్రేన్ నడపడం. అంత ఎత్తున కూర్చుని కంటైనరు ఎత్తాక, దించడం మర్చిపోతే? అదీ నా భయం. అందుకే వారం వారం ఆస్పత్రికి తీసుకెళ్లి థెరపీ చేయిస్తున్నాం.

మొదట్లో ఒకరోజు థెరపిస్టు హేమశ్రీ కొన్ని మాటలు చెప్పి, కాసేపాగి తిరిగి అడిగింది. గొడుగు, బెల్లం, మేక, అద్దం, రైలు. మావారికి మేక ఒక్కటే మిగిలింది. పక్కన కూర్చున్న మామగారి మొహం చూడాలి, కొడుకు టెన్త్ తప్పినట్టే.

మర్నాడు, మంగళవారం నుంచీ మా ఇంట్లో స్పెషల్ క్లాసులు. తెల్లారగానే స్నానం, విభూతి, ఆపైన గొడుగు, బెల్లం, మేక. తర్వాత ఇవాళ ఏ వారం, ఏం టిఫిన్ తిన్నావు, అన్నీ ప్రశ్నాజవాబులే. పోపు వేస్తూ వేస్తూ నేను కూడా అద్దం, రైలు అనేసేదాన్ని. ఇది మార్కుల కోసం కాదండీ, జ్ఞాపకం ఎంతవరకు వచ్చిందో చూడ్డానికి అని మామగారికి మెల్లగా చెప్పాను. పరీక్షన్నాక చదవకుండా వెళ్తారా అని నన్నే అడిగారు. ఈసారి గట్టెక్కితే డ్యూటీలో చేరొచ్చని డాక్టరు రాసిచ్చేస్తారట, దసరా దాటకుండా కొడుకు క్రేన్ ఎక్కేస్తాడట.

మళ్లీ పరీక్ష పెట్టే శుక్రవారం రానే వచ్చింది. లోపలికెళ్లేముందు హేమశ్రీతో, మా మామగారు బాగా చదివించారమ్మా అని మాత్రం అన్నాను. ఆ అమ్మాయి నావైపోసారి చూసి, చేతిలో కాగితం సొరుగులో పడేసి ఇంకోటి తీసింది.

"దేవీప్రసాద్‌గారూ, ఇప్పుడు నేను కొన్ని మాటలు..."

"గొడుగు, బెల్లం, మేక, అద్దం, రైలు," అన్నారు మావారు.

ఆ అమ్మాయి ఇంకా ఏమీ చెప్పనేలేదు. మామగారు మాత్రం గర్వంగా కండువా సర్దుకున్నారు.

ఇవాళ ఏ వారమంటే మంగళవారమన్నారు. టిఫినేం తిన్నారంటే ఇడ్లీ, అల్లం చట్నీ అన్నారు, మొదటిరోజు క్లాసులో చెప్పినట్టే. పొద్దున్న నేను చేసింది ఉప్మా. చొక్కా మీద ఇంకా ఉంది కూడా.

హేమశ్రీ నవ్వలేదు. ఇంటిపనులు అభ్యాసం చేయించడానికని గది మూలన చిన్న వంటగట్టు ఉంది. అక్కడ అందరికీ టీ పెట్టమంది. ఇది సిలబస్‌లో లేదన్నట్టు మామగారు కదిలారు. మావారు హుషారుగా లేచి, గిన్నె పెట్టి, స్టవ్ వెలిగించి, గ్లాసుతో నీళ్లు పట్టారు. కిటికీలో మనీప్లాంటు ఉంది. నీళ్లు దానికి పోసి, దాని ఆకులు తుడిచి, వచ్చి కుర్చీలో కూర్చున్నారు. ఖాళీ గిన్నె మాడడం మొదలెట్టింది.

హేమశ్రీ కంటే ముందు మామగారే లేచి స్టవ్ కట్టేశారు.

"ఏటి నాన్నా, టీ అయిపోనాదా?" అన్నారు మావారు, సంతోషంగా.

మామగారు కండువాతో పట్టుకుని ఆ గిన్నె దించారు. తర్వాత నాతో కాదు, హేమశ్రీతో కాదు, కొడుకుతోనే అన్నారు.

"లేదురా. తప్పు నాదే. నీకు జవాబులు నేర్పేను, అంతే. ఇంకొన్నాళ్లు ఇక్కడికే వద్దాం. క్రేన్ సంగతి తర్వాత."