అన్‌సీజన్ సముద్రం

మామిడికాయల వ్యాపారం చేసే ఇంట్లో పెళ్ళికి వైశాఖంలో ముహూర్తం పెట్టిన పంతులుగారిని నేనిప్పటికీ క్షమించలేదు. నూజివీడులో అప్పుడు రసాలు ముమ్మరంగా దిగుతున్నాయి. తాళి కట్టిన మర్నాడే మా ఆయన పాండురంగారావు తోటకి పోయాడు. ఎప్పుడన్నా భోజనానికొస్తే జుట్టులో వరిగడ్డి, ఒళ్ళంతా సొన వాసన. నాతో మాట్లాడుతూ మాట్లాడుతూ నిద్రపోయేవాడు. అదీ మాట మధ్యలో.

వానలు పడ్డాయి, కాపు అయిపోయింది, బుట్టలు అటకెక్కాయి. అమ్మయ్య, మనిషి దొరికాడనుకున్నాను. సరిగ్గా అప్పుడే ఆషాఢం వచ్చిపడింది. ఆషాఢంలో అత్తగారూ కొత్త కోడలూ ఒకే గడప దాటకూడదు. కొత్త అల్లుడు అత్తారింటి గడప తొక్కకూడదు. అంటే నేను విస్సన్నపేటలో మా అమ్మ దగ్గర, ఆయన నూజివీడులో వాళ్ళమ్మ దగ్గర. నాకు ఒళ్ళు మండిపోయింది. పుట్టింటికి పంపేముందే ఆయన్ని పట్టుకున్నాను.

"ఈ రెండు గడపలూ కాని చోటికి పోదామండీ. బందరు సముద్రానికి. దాన్ని హనీమూన్ అంటారు, వారపత్రికలో వేశారు" అన్నాను.

"ఈ వానల్లో ఎవరెళ్తారు శారదా? అన్‌సీజన్ కదా."

"సీజన్‌లో మీరు దొరికారా?"

దానికి ఆయన దగ్గర జవాబు లేదు. అసలు దేనికీ ఆయన దగ్గర జవాబుండేది కాదు, అన్నీ వాళ్ళమ్మ దగ్గరే ఉండేవి. అందుకని వెళ్ళి ఆవిణ్ణి అడిగాడు. కొంప ముంచాడు.

మా అత్తగారు సుందరమ్మగారు శ్రద్ధగా విన్నారు. "గడప లేని చోట దోషం లేదంటావు. బాగానే ఉందమ్మాయ్. మరి సముద్రానికి గడప లేదు కనక నేనూ రావచ్చుగా?" అన్నారు. అంటూనే సంచీ సర్దేశారు.

అలా ముగ్గురం హనీమూన్‌కి బయల్దేరాం. బస్సులో కిటికీ పక్కన ఆవిడ, ఆవిడ పక్కన కొడుకు, వెనక సీట్లో ఊరగాయ జాడీ పట్టుకుని నేను. బందరులో దిగి, జట్కా మాట్లాడుకుని మంగినపూడి చేరాం. సముద్రం బురదరంగులో, ఊరంతా మింగేసేలా ఎగిరిపడుతోంది. మా ఆయన నోరు తెరిచి చూశాడు.

"ఇదేంటి, ఇంతుంది! అన్‌సీజన్ కదా, తగ్గి ఉంటుందనుకున్నా."

నేను పగలబడి నవ్వాను. ఎందుకు నవ్వానో తెలియక ఆయనా నవ్వాడు. ఈ అమాయకుణ్ణి నాకిచ్చేస్తే ఎంత బాగా చూసుకుంటానో అనిపించింది.

అంతలో వాన దంచేసింది. దగ్గర్లో ఉన్నది ఒక్కటే బంగళా. వాచ్‌మన్ సవరయ్య గొడుగేసుకొచ్చాడు. "ఒక్క గదే బాగుందండీ. మిగతావాటిలో జాలర్లు వలలు పెట్టుకున్నారండీ" అన్నాడు.

ఆ ఒక్క గదికీ ఒక్కటే గుమ్మం. దానికి ఇంత ఎత్తు గడప. అత్తగారూ నేనూ దాని ముందు ఠక్కున ఆగిపోయాం.

"పెద్దదాన్ని, తడవలేను" అని ఆవిడ దాటేశారు. "నువ్వు వరండాలో ఉండమ్మాయ్. ఒరేయ్ పాండూ, సంచీ పట్టుకురా."

వరండా కప్పు జల్లెడలా కారుతోంది. ఈ మనిషి నా మొగుడా, ఒట్టి వాళ్ళమ్మ కొడుకేనా, ఇవాళ తేలిపోవాలనుకున్నాను. నాతో నిలబడకపోతే విస్సన్నపేట బస్సెక్కేస్తాను, ఆషాఢం వెళ్ళాక కూడా రాను. ఆయన నన్ను చూశాడు, వాళ్ళమ్మని చూశాడు, సంచీ తీసుకుని లోపలికి పోయాడు. నాకు ఏడుపొచ్చేసింది.

"శారదా!"

పక్కగోడ వైపు వెళ్ళి చూస్తే కిటికీలోంచి ఆయన తల. ఉప్పుగాలి తినేసి ఆ కిటికీకి ఊచలు లేవు.

"గుమ్మంలోంచి రావచ్చుగా?" అన్నాను.

"గుమ్మంలో అమ్మ కూర్చుంది."

భుజాలొచ్చాయి. పొట్ట రాలేదు. మచ్చపడి అమ్ముడుపోని రసాలన్నీ ఆయనే తినేవాడు మరి. నేను చేతులు పట్టుకు లాగాను. ఆయన ఉన్నట్టుండి వెనక్కి జరిగాడు. లోపల్నించి అత్తగారు ఆయన కాళ్ళు పట్టుకు లాగుతున్నారు.

"ఒరేయ్, లోపలికి రారా!"

"ఏమండీ, బయటికి రండి!"

"ఊపిరి వదిలెయ్యండి బాబూ" అని గొడుగు కింద నుంచి సవరయ్య సలహా.

మా ఆయన కాసేపు అటూ ఇటూ కాకుండా వేలాడాడు. తర్వాత, నాకు తెలిసి మొదటిసారి, ఎవర్నీ అడక్కుండా జవాబు చెప్పాడు.

"అమ్మా, కాళ్ళొదులు. నేను మా ఆవిడ దగ్గరికి పోతున్నా."

కాళ్ళు వదిలేశారు కాబోలు, మనిషి అమాంతం నా మీద పడ్డాడు. ఇద్దరం బురదలో పడ్డాం. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేశాయి.

కిటికీలో అత్తగారి మొహం కనబడింది. ఇక తిట్లు మొదలవుతాయనుకున్నాను. ఒక పొడి తువ్వాలు బయటికొచ్చింది. మా ఆయన అలవాటుగా చెయ్యి చాపాడు. ఆవిడ తువ్వాలు వెనక్కి తీసుకున్నారు.

"నీక్కాదు" అని నా చేతికిచ్చారు. "చెవుల వెనక బాగా తుడువమ్మాయ్. తడి ఉంటే వాడికి పడదు."