తోడల్లుళ్ళ కారు

ముందు చక్రాలు రెండూ చెక్క దిమ్మెల మీదికి ఎక్కాయి. గుమాస్తా వెనక చక్రాలకు ఇటుకలు అడ్డుపెట్టి, కారును భుజంతో ఒకసారి నెట్టి చూశాడు. కదలదని నమ్మకం కుదిరాక పాత దుప్పటి పరుచుకుని వెల్లకిలా దాని కిందికి జరిగాడు. అంతకుముందే ఇంజను కాసేపు తిప్పి ఆపాడు. ఆయిలు వెచ్చబడితే మడ్డంతా కలిసి దిగుతుంది. ఏడాదికి రెండుసార్లు ఆయిలు మార్చే ఈ ఆదివారం పొద్దంటే అతనికి పండగే. ఎవరూ పలకరించరు, ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు.

మిగతా రోజుల్లో అతను బస్‌స్టాండులో, జనం మర్చిపోయిన సామాన్లు దాచే గదిలో కూర్చుంటాడు. గొడుగులు, టిఫిన్ డబ్బాలు, చంటిపిల్లల టోపీలు, ఒకసారి ఎవరివో కట్టుడు పళ్ళు. ఊసుపోక వాటిని తిప్పి చూస్తూ వాటి మనిషిని ఊహించుకోవడం అతనికి అలవాటైపోయింది. పిడికి దారం చుట్టిన గొడుగును చూసి, ఇది కంగారు మనిషిది అనుకునేవాడు. ఆ కంగారు మనిషి నిజంగానే ఆయాసపడుతూ వస్తే గొడుగు కిటికీలోంచి ఇచ్చి ఊరుకునేవాడు. అంతేగాని దారం ఎందుకు చుట్టారని అడిగిన పాపాన పోలేదు. అడిగితే మనుషులు ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటారు, వస్తువులకు ఆ తెలివి లేదని అతని నమ్మకం.

తోడల్లుడి సంగతీ అలాగే తెలుసుకునేవాడు. మామగారు పోతూ ఇద్దరు కూతుళ్ళకూ కలిపి ఈ ఒక్క కారే వదిలిపెట్టాడు. నిలువునా కోసి పంచుకోవడం కుదరదు కాబట్టి ఒక వారం అక్క ఇంట్లో, ఒక వారం చెల్లెలి ఇంట్లో ఉంటుంది. చెల్లెలి మొగుడు బట్టల కొట్టులో తానులు విప్పి చూపించే సేల్స్‌మాన్. ఆరడుగుల మనిషి, నోరు విప్పితే మూయడు. వెనక తలుపుకు సొట్ట పెట్టింది నువ్వంటే నువ్వని ఒకనాడు ఇద్దరూ మాటామాటా అనుకున్నారు. అప్పటినుంచీ మాటల్లేవు. తాళం చెవి అక్కచెల్లెళ్ళ చేతుల మీదుగా వస్తూ పోతూ ఉంటుంది. కారు తన వంతుకు వచ్చినప్పుడల్లా గుమాస్తా ముందు తాళం తిప్పి, రేడియో ఎలా వదిలాడో వింటాడు. చెవులు పగిలే పాట వస్తే, వెధవ కులాసాగానే ఉన్నాడన్నమాట. మాట్లాడుకునే రోజుల్లో కూడా అతని గురించి ఇంత పట్టించుకున్నది లేదు.

ఈసారి మాత్రం లెక్క తప్పింది. రేడియో కట్టేసి ఉంది. సీటు పొడుగు మనిషికి సరిపోయేంత వెనక్కీ లేదు, పొట్టివాడైన తనకు అందేంత ముందుకీ లేదు. మూడో మనిషెవరో నడిపి ఉండాలి. ఎవరబ్బా అని వారమంతా బుర్ర బద్దలు కొట్టుకున్నాడు గాని భార్యను మాత్రం అడగలేదు.

పానా పెట్టి బోల్టు వదులు చేసి, వేళ్ళతో తిప్పి తీసి, చటుక్కున చెయ్యి పక్కకు లాక్కున్నాడు. బేసిన్లోకి ధార పడింది. నల్లగా కాదు. తేనె రంగులో, అద్దంలా తేటగా.

తియ్యకూడని బోల్టేదో తీశాననుకున్నాడు. వేలు పెట్టి చూశాడు, వాసన చూశాడు. శుభ్రమైన, నిన్నగాక మొన్న పోసిన ఇంజను ఆయిలే. పైన ఆయిలు చూసే పుల్ల ఒకటుంది. విప్పేముందు దాన్ని తీసి చూసుంటే సరిపోయేది. కానీ మార్చేది ఎప్పుడూ తానే అయినప్పుడు చూడడమెందుకని ఎన్నడూ చూడలేదు. ఇప్పుడు తల తిప్పి చూస్తే, తాను ఎప్పుడూ నీలం ఫిల్టరు బిగించేచోట తెల్లది కనిపించింది. బోల్టు మూలలు రెండు అరిగిపోయి ఉన్నాయి, పానా పట్టడం చేతకాని మనిషి చేసిన పని. ఇంజను సందులో కొత్త పూల గుడ్డ పేలిక ఒకటి ఇరుక్కుని ఉంది.

కారు కిందినుంచి బయటికి వచ్చి దుప్పటి మీదే చతికిలబడ్డాడు. బానెట్ ఎత్తడానికే బద్ధకించే తోడల్లుడు కారు కింద దూరడమేమిటి? జనం ఎప్పుడు ఇలా చేస్తారు? అమ్మేముందు చేస్తారు. కొత్త ఆయిలు పోసి, కొనేవాణ్ణి ఒక చుట్టు నడిపి చూడమంటారు. ఆ మూడో మనిషి వాడే.

కారు పోతుందన్న బాధ ఉంది. దాంతో పాటు తోడల్లుడి జాడ కూడా పోతుందన్న బాధ అంతకంటే ఎక్కువగా ఉండడం చూసి అతనికే విడ్డూరమనిపించింది.

భార్య గుమ్మంలోంచి బేసిన్లోకి తొంగి చూసింది. "ఇదేంటండీ, ఇంత శుభ్రంగా ఉంది?"

"మీ మరిది మార్చాడు."

"ఎందుకట?"

"ఏమో."

"అడిగితే మీ సొమ్మేం పోతుంది?"

మురికి బేసిన్లో పడ్డ ఆయిలు మళ్ళీ పనికిరాదు. బోల్టు బిగించి, కొని ఉంచిన కొత్త డబ్బా గరాటుతో పోసి, ఇంజను తిప్పి, ఆపి, ఈసారి పుల్ల తీసి చూశాడు. చేతులు కడుక్కుని కారు దిమ్మెల మీదినుంచి దింపి, మరదలి ఇంటికి పోనిచ్చాడు.

తోడల్లుడు ఇంటి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. నుదుటిమీద మానుతున్న గాయం. మనిషి సగం చిక్కిపోయాడు. కారును చూసి లేవబోయి, మళ్ళీ కూర్చున్నాడు.

"ఆయిలు నువ్వే మార్చావా?" కిటికీలోంచే అడిగాడు గుమాస్తా.

"అప్పుడే విప్పేశావా అన్నయ్యా? ఎలా ఉంది పని?"

"బోల్టు మూలలు అరగ్గొట్టావు."

"ఎదురు తిప్పానేమోలే."

గుమాస్తా కారు దిగాడు. "ఎందుకు మార్చావు? అమ్ముదామనా?"

తోడల్లుడు తెల్లబోయి చూశాడు. "అమ్మడమేంటి? నాకు ఫిట్స్ వస్తున్నాయి. కొట్లో తాను విప్పి చూపిస్తూ పడిపోయాను. తర్వాత ఇంట్లో మళ్ళీ వచ్చింది. ఇక కారు నడపొద్దన్నాడు డాక్టరు. మీ ఇంటికి పక్కింటాయన తెచ్చి వదిలాడు."

"నాకెవరూ చెప్పలేదే."

"నేనే చెప్పొద్దన్నా. వదిన కూడా నువ్వు అడిగితేనే చెబుతానంది. నువ్వు అడగలేదు." అరచేతులు రుద్దుకున్నాడు. "ఇన్నాళ్ళూ దాని చాకిరీ అంతా నువ్వే చేశావు. ఇచ్చేసేలోపు ఒక్కసారైనా కిందికి దూరి చూద్దామనిపించింది. మీ మరదలు టార్చి పట్టుకుంది, నన్ను తిడుతూనే."

మరదలు లోపలినుంచి వచ్చి, ఇంట్లో ఉన్న రెండో తాళం చెవి బావగారి ముందు చాపింది. గుమాస్తా దాన్ని చూశాడు. జనం వదిలేసిన వస్తువులు పుచ్చుకోవడం అతని ఉద్యోగమే. దీన్ని పుచ్చుకోవడానికి మాత్రం చెయ్యి రాలేదు.

"నీ దగ్గరే ఉండనీ అమ్మా." పక్కసీటు తలుపు తెరిచాడు. "ఎక్కు," అన్నాడు తోడల్లుడితో.

"ఎక్కడికి?"

"కొత్త ఆయిలు పోశాను. కాస్త తిప్పాలి కదా."

మొదటి మలుపులో లారీ ఎదురొచ్చేసరికి తోడల్లుడి కుడికాలు ఠపీమని నేలను తొక్కింది.

"నీ వైపు బ్రేకు లేదు," అన్నాడు గుమాస్తా.

"ఉంటే బాగుండు, నువ్వు నడిపే తీరు చూస్తుంటే."

ఊరంతా తిరిగారు. సొట్ట సంగతి కూడా వచ్చింది. మళ్ళీ ఇద్దరూ నువ్వంటే నువ్వనుకున్నారు. ఆ తర్వాత ప్రతి ఆదివారమూ గుమాస్తా వెళ్ళి హారన్ కొట్టేవాడు. ఫిట్స్ ఎలా వస్తాయని, తెలివి వచ్చాక మొదట ఎవరు కనబడతారని, భయమేస్తుందా అని అడిగేవాడు. అడిగినవాటికే కాక అడగనివాటికి కూడా తోడల్లుడు జవాబులు చెప్పేవాడు, చెబుతూ చెబుతూనే కాలితో నేలను తొక్కేవాడు.

చాలా ఆదివారాలు అలా గడిచాయి. ఒక వానాకాలం తెల్లవారుజామున తోడల్లుడు నిద్రలోనే పోయాడు.

ఆ తర్వాత వచ్చిన ఆయిలు మార్పు రోజున గుమాస్తా పని ముగించి, కారు కడుగుదామని కాళ్ళ కింది రబ్బరు మ్యాట్లు తీసి గోడకు ఆనించాడు. భార్య ఒకదాన్ని చూసి, ఇది పాడైపోయింది, కొత్తది తెచ్చుకోండి అంది. పక్కసీటు ముందు పరిచే ఆ మ్యాటు మీద, కుడికాలు ఆనే చోట, గీతలన్నీ చెరిగిపోయి, రబ్బరు పలచబడి, అరికాలంత చిల్లు పడి ఉంది.