అవతలి ఒడ్డున అరవై రాత్రులు

హోల్‌వైక్‌లో ముప్ఫై రాత్రులు. కాలువ దాటి జాండర్‌వేర్‌లో అడుగు పెడితే అరవై. సొంత ఇంటిని యాత్రికులకు అద్దెకిచ్చుకునేవాళ్ళకు రెండు పురపాలక సంఘాలూ పెట్టిన ఏడాది హద్దులివి. నడుమ ఉన్నది ఒక్క సైకిళ్ళ వంతెన. ఎందుకింత తేడా అని అడిగితే ఏ ఒడ్డువాళ్ళు ఆ ఒడ్డు న్యాయం గంటసేపు చెబుతారు. రెన్స్కెకి ఆ న్యాయంతో పనిలేదు. ఇవతల తన ముప్ఫై రాత్రులూ జూన్‌కల్లా అయిపోయాయి. అవతల అమ్మ ఇల్లుంది.

అడగడం మాత్రం మర్యాదగానే అడిగింది.

"ముప్ఫై రాత్రులే అమ్మా. మా ఊళ్ళో ఎన్నో అన్నే. నువ్వెలాగూ వేసవంతా తోటలోనే ఉంటావుగా!"

తోట అంటే రైలుకట్ట పక్కన తోటల సంఘంవాళ్ళు తలా ఒక ముక్క పంచిన నేల. అమ్మ ఆల్‌చేకి అక్కడ చిక్కుడు పాదులూ డేలియాలూ, మంచం పట్టేంత చెక్క గదీ ఉన్నాయి. కూతురు నివాసముండే పాత భవనం పునాదిలో కొయ్యస్తంభాలు కుళ్ళిపోయాయనీ, తలా ఇంత డబ్బు వేసుకుని బాగుచేయించకపోతే అందరూ ఖాళీ చేయాల్సిందేననీ ఆమెకి తెలుసు. "సరేలేవే, ముప్ఫయ్యేగా," అంది.

మా ఇంట్లో ఉండమ్మా అని కూడా రెన్స్కె అంది. మూడో అంతస్తు, నిచ్చెన లాంటి మెట్లు, అమ్మ మోకాళ్ళు. రాదని తెలిసే పిలిచింది. అంతకుముందు తన ఇల్లు అద్దెకిచ్చిన ముప్ఫై రాత్రులూ మాత్రం తను అమ్మ ఇంట్లోనే, అమ్మ వండిన చారు తాగుతూ గడిపింది.

ఆగస్టు ఆఖరుకి ముప్ఫై పూర్తయ్యాయి. జాండర్‌వేర్ నిబంధనలు రెన్స్కె మళ్ళీ ఒకసారి చదువుకుంది. అరవై అని స్పష్టంగా ఉంది. ఈసారి అమ్మని అడగలేదు, వచ్చినవాళ్ళని వచ్చినట్టు ఒప్పుకుంటూ పోయింది. తల్లీ ఏమీ అనలేదు. అనకపోవడాన్ని ఒప్పుకోవడంగా తీసుకోవడం ఎంత సుఖమో, అలా తీసుకున్నవాళ్ళకే తెలుస్తుంది.

అక్టోబరు ఒకటిన తోటల సంఘంవాళ్ళు నీళ్ళు కట్టేశారు. ఆ తర్వాత అక్కడ రాత్రులు ఉండకూడదు కూడా. ఆల్‌చే స్టేషన్ కుళాయి నుంచి సీసాల్లో నీళ్ళు మోసుకుంటూ, కిటికీ తెర దించుకుని దొంగలా ఉంటోంది. ఫోను చేస్తే, "బాగానే ఉందే, రెండు స్వెట్టర్లు వేసుకుంటున్నా," అనేది. ఫోను పెట్టేశాక రెన్స్కె ఒకసారి వెళ్ళి చూసి రావాలనుకునేది. కాసేపే. తర్వాత దుప్పట్లు ఉతకాలి కదా!

అక్టోబరులో ఒక మంగళవారం పొద్దున రెన్స్కె అమ్మ ఇంట్లో పక్కలు మారుస్తోంది. పాతవాళ్ళు వెళ్ళిపోయారు, కొత్తవాళ్ళు రెండింటికి వస్తారు. రాబోయేది యాభై రెండో రాత్రి. ఇల్లు అద్దంలా ఉంది. అమ్మ ఫొటోలు, మందుల డబ్బా, టాయిలెట్ గోడకి వేలాడే పుట్టినరోజుల క్యాలెండరు అన్నీ వేసవిలోనే పెట్టెలో పెట్టి అటక ఎక్కించేసింది. అందరి పుట్టినరోజులూ రాసి ఉండే ఆ క్యాలెండరుని రోజూ అక్కడ కూర్చుని చూస్తారు కాబట్టి ఆ ఊళ్ళలో ఎవరూ తేదీలు బుర్రలో పెట్టుకోరు. తన ఇంట్లోదీ యాత్రికుల కోసం వసంతంలోనే తీసింది. మళ్ళీ తగిలించలేదు.

పదింటికి గంట మోగింది. కింద అంతస్తు కోరీ పిన్ని. జుట్టు చుట్టలు తిప్పించుకుని, ముత్యాల దండ వేసుకుని, చేతిలో కేకు డబ్బాతో నిలబడి ఉంది. రెన్స్కెని దగ్గరకు లాక్కుని బుగ్గలమీద మూడు ముద్దులు పెట్టింది.

"అభినందనలే నీకు, మీ అమ్మ పుట్టినరోజుకి!"

పుట్టినరోజు పుట్టినవాళ్ళ ఒక్కరిదే కాదు అక్కడ. ఇంట్లో ఎవరు తలుపు తీస్తే వాళ్ళకీ చెప్పాలి. ఇవాళ అమ్మ పుట్టినరోజన్న సంగతి రెన్స్కెకి అప్పుడే గుర్తొచ్చింది.

"డెబ్బై అయిదు! ఏదీ పుట్టినరోజు పిల్ల? వచ్చేవాళ్ళకి కుర్చీలు గుండ్రంగా వెయ్యలేదేంటే ఇంకా? పక్కింటి గెర్డా వాళ్ళు వెనకాలే వస్తున్నారు," అంటూ పిన్ని లోపలికొచ్చి ఆగిపోయింది. కుర్చీలు లేవు. ఫొటోలు లేవు. బల్లమీద తెలియని మనుషుల కోసం మడిచిన తువ్వాళ్ళు ఉన్నాయి.

"అమ్మ... డేలియాలు కోసుకొస్తానని తోటకి వెళ్ళింది."

"ఎప్పుడు వెళ్ళింది?"

రెన్స్కె మడిచి ఉన్న తువ్వాలునే విప్పి మళ్ళీ మడిచింది.

"మెట్లమీద పెట్టెల చక్రాల మోత వేసవి దాటినా వింటూనే ఉన్నా. ఒంట్లో బాగాలేక నీ దగ్గరుందేమో అనుకున్నానే! ఈ చలిలో తోటలోనా? అక్కడ నీళ్ళు కూడా కట్టేశారే! కిందే ఉన్నా కదా నేను, ఒక్క మాట చెబితే నా మంచమే ఇచ్చేదాన్ని."

"అరవై దాటలేదు పిన్నీ," అంది రెన్స్కె. ఆ మాట ఎందుకు అందో తనకే తెలియదు.

"ఎవరడిగారే నిన్ను?" అని కోరీ పిన్ని కేకు డబ్బా బల్లమీద పెట్టి, గెర్డా వాళ్ళని మెట్లమీదే ఆపడానికి వెళ్ళిపోయింది.

రెన్స్కె సైకిలెక్కింది. తప్పు చేశానని ఆమెకి ఇవాళ తెలియలేదు. సెప్టెంబరు మొదటి రాత్రే తెలుసు. హద్దు అరవై అన్న ఒక్క ముక్కని పట్టుకుని, ముప్ఫై అన్న తన మాటని రోజూ కాస్త కాస్తగా దూరం జరిపింది. ఊరు ఒప్పుకుంటుంది, సరే. అమ్మకి మాట ఇచ్చింది ఊరు కాదు.

ఆల్‌చే చెక్క గదిలో కోటు వేసుకునే కూర్చుని ఉంది. బల్లమీద రెండు కప్పులు, కొన్న ఆపిల్ కేకు. ఇంకా కోయలేదు.

"వస్తావనుకున్నా," అంది నవ్వుతూ.

"మర్చిపోయానమ్మా." రెన్స్కె అబద్ధం చెప్పలేకపోయింది. "కోరీ పిన్ని చెబితే తెలిసింది."

"వాళ్ళొచ్చారా? అయ్యో, రావద్దని చెప్పడానికి మొహం చెల్లక ఊరుకున్నానే. ఎందుకని అడిగితే ఏం చెప్పను?"

రెన్స్కె అక్కడే మెట్టుమీద కూర్చుని ఫోను తీసింది. రెండింటికి రావలసినవాళ్ళకి రద్దు అని కొట్టింది. తర్వాతవాళ్ళకీ కొట్టింది.

"ఏం చేస్తున్నావే? పాపం, ఎంత దూరం నుంచి బయల్దేరారో!"

"అయిపోయిందమ్మా. లే. ఇంటికి పోదాం. వాళ్ళంతా కాఫీకి కూర్చుని ఉంటారు."

ఆల్‌చే మోకాళ్ళు పట్టుకుని లేచింది. మంచం కింద నుంచి సంచి లాగింది. ఒక స్వెట్టరు పెట్టింది, రెండోది చేతిలో పట్టుకుని ఆలోచిస్తూ నిలబడింది.

"ఎన్ని రాత్రులే?"

"ఏంటమ్మా?"

"నేను ఇంట్లో ఉండేది. ఎన్ని రాత్రులు ఉండొచ్చు?"

దెప్పుతోందేమోనని రెన్స్కె తల్లి మొహంలోకి చూసింది. ఆమె దెప్పడం లేదు. ఎన్ని బట్టలు సర్దుకోవాలో తెలియక అడుగుతోంది.